సముద్రపు బురదలో బొరియలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా ఊరు ఉప్పుకాలువ పక్కనే ఉంటుంది. పోటు తీసిన తర్వాత గట్టు దిగువన మట్టిని పారతో పెళ్లగిస్తే, ఎండ్రకాయలు, పురుగులు బొక్కలు పెట్టిన చోట గోధుమరంగు, తుప్పురంగు చారలు కనిపిస్తాయి. బొక్కలు లేని చోట నాలుగు వేళ్ల లోతైనా పోకముందే మట్టి నల్లగా మారి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మా రొయ్యల గుంట అడుగు కూడా పంట చివరికి అలాగే తయారవుతుంది. ఒకే కాలువ మట్టి రెండు రకాలుగా ఎందుకుంటుంది?
— ఒక రొయ్యల రైతు, ఇందుకూరుపేట మండలం

సమాధానం: మీరు గమనించిన తేడా చాలా ముఖ్యమైనది. సముద్రపు అడుగు గురించి శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా చేస్తున్న పరిశోధనలో పెద్ద భాగం ఆ రెండు రంగుల మధ్యనే జరిగిందని చెప్పవచ్చు. రెండు చోట్లా మట్టి ఒక్కటే. దానిలో పనిచేస్తున్న బ్యాక్టీరియా మాత్రం వేరు.

తీరానికి దగ్గరగా ఉండే మెత్తని బురదలో ఒక ఘన సెంటీమీటరుకు సుమారు 100 కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. పైనుంచి రాలిపడే చచ్చిన నాచు, ఆకుల ముక్కలు, జీవుల మలం వాటి ఆహారం. ఆ ఆహారం నుంచి శక్తిని పొందడానికి పై పొరలోని బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. అయితే నీటిలోని ఆక్సిజన్ బురదలోకి తనంత తాను దిగే వేగం చాలా తక్కువ. దిగిన కాస్తా పై పొరలోనే ఖర్చయిపోతుంది. అందువల్ల తీరపు బురదలో ఆక్సిజన్ సాధారణంగా కొన్ని మిల్లీమీటర్ల లోతుకు మించి చేరదు. అంతకంటే కింద ఉండే బ్యాక్టీరియా ముందుగా నైట్రేట్‌ను, తర్వాత మాంగనీస్, ఇనుముల ఆక్సైడ్లను, అవి కూడా అయిపోయాక సల్ఫేట్‌ను ఆక్సిజన్‌కు బదులుగా వాడుకుంటాయి. లీటరు సముద్రపు నీటిలో సల్ఫేట్ సుమారు 2.7 గ్రాములు ఉండగా, కరిగి ఉన్న ఆక్సిజన్ కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. కాబట్టి లోతుకు వెళ్లేకొద్దీ సల్ఫేట్ బ్యాక్టీరియాదే పైచేయి అవుతుంది. అవి విడిచే హైడ్రోజన్ సల్ఫైడే మీకు వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది మట్టిలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారినప్పుడు బురద నల్లబడుతుంది. తీరపు సముద్రాల అడుగున సేంద్రియ పదార్థం కుళ్లడంలో దాదాపు సగం ఈ సల్ఫేట్ బ్యాక్టీరియా ద్వారానే జరుగుతున్నదని డెన్మార్క్ శాస్త్రవేత్త బో బార్కర్ యోర్గెన్సన్ 1982లో లెక్కగట్టి చూపారు.

ఇక బొరియ సంగతి. బురదలో ఉండే పురుగుకు ఊపిరాడాలంటే పైనున్న నీరు దాని బొరియలోకి రావాలి. అందుకే అది ఒళ్లంతా అలలుగా కదిలిస్తూ, ఒక ద్వారం నుంచి నీటిని లోపలికి లాగి మరో ద్వారం నుంచి బయటికి తోస్తుంది. ఆ నీటితో వచ్చిన ఆక్సిజన్‌లో కొంత బొరియ గోడలోకి ఇంకుతుంది. దానితో గోడ చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మందాన, పైపొరలో ఉండవలసిన పరిస్థితి అరచేతి లోతులోనూ, మూరెడు లోతులోనూ ఏర్పడుతుంది. అక్కడి ఇనుము తుప్పుగా మారుతుంది. మీరు చూసిన తుప్పురంగు చార అదే. ఈసారి పారతో తీసిన పెళ్లను కత్తితో అడ్డంగా కోసి చూడండి. మధ్యలో బొరియ రంధ్రం, దాని లోపలి అంచున జిగురు పూతలా మెరిసే సన్నని పొర, దాని చుట్టూ తుప్పురంగు వలయం, ఆ వలయానికి బయట ఉన్నట్టుండి మొదలయ్యే నలుపు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ కోతను గాలికి కొంతసేపు వదిలేస్తే నల్లటి భాగం కూడా మెల్లగా బూడిదరంగుకో, గోధుమరంగుకో తిరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఐరన్ సల్ఫైడ్‌ను మార్చడమే దానికి కారణం.

ఆ జిగురు పూత పురుగు విడిచే స్రావం. బొరియ కూలకుండా అది కాపాడుతుంది, బ్యాక్టీరియాకు మంచి ఆహారం కూడా అవుతుంది. అందువల్ల బొరియ గోడలో ఉండే బ్యాక్టీరియా సముదాయం, పక్కనున్న మట్టిలోని సముదాయం కంటే సంఖ్యలోనూ, జాతులలోనూ భిన్నంగా ఉంటుంది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా తుప్పురంగు వలయంలో చేరితే, ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి విడిచిపెట్టే బ్యాక్టీరియా వలయం వెలుపలి అంచున చేరుతాయి. కాలువలోకి వచ్చిపడే ఎరువుల, మేతల నైట్రోజన్‌లో కొంత ఈ విధంగా గాలిలోకి వెళ్లిపోతుంది. కొన్ని ఇసుక పురుగులు తమ బొరియ దగ్గర బ్యాక్టీరియాను పెరగనిచ్చి, ఆ పెరిగినదాన్ని మట్టితోపాటు తింటాయనీ, దీన్ని ఒక రకమైన తోటపనిగా భావించవచ్చనీ హుల్లెబెర్గ్ అనే శాస్త్రవేత్త 1975లో ప్రతిపాదించారు.

మీ గుంట విషయానికి వస్తే, అక్కడ మేత అవశేషాలు, రొయ్యల మలం రోజూ పడుతూ ఉంటాయి. ఏరియేటర్ల ప్రవాహం వాటిని గుంట మధ్యకు చేరుస్తుంది. పంటకు పంటకు మధ్య ఎండగట్టి, దున్ని, సున్నం చల్లిన అడుగులో లోతుగా బొరియలు చేసే జీవులు నిలదొక్కుకునేంత వ్యవధి ఉండదు. కాబట్టి పై నీటిలో ఆక్సిజన్ చాలినంత ఉన్నా మధ్యనున్న మట్టి నల్లబడుతుంది. మీరు గుంట ఎండగట్టినప్పుడు నేల నెర్రెలు విచ్చి, ఆ నెర్రెలలోకి గాలి దిగి, బొరియలు చేయవలసిన పనిలో కొంత భాగం జరుగుతుంది. ఎండగట్టే రోజులను తొందరలో తగ్గించుకోవద్దని అనుభవజ్ఞులైన రైతులు చెప్పే మాటకు ఆధారం ఇదే.

ప్రశ్న: తవ్వే జీవులు కార్బన్‌ను సముద్రపు అడుగున లోతుకు పాతిపెట్టి భూతాపాన్ని తగ్గిస్తాయని ఒక పాఠంలో ఉంది. అవే జీవులు పాతుకుపోయిన కార్బన్‌ను కుళ్లబెట్టి బయటికి పంపుతాయని మరొకచోట చదివాను. పిల్లలకు ఏది చెప్పాలి?
— ఒక సైన్సు ఉపాధ్యాయిని, కొత్తపట్నం

సమాధానం: రెండూ జరుగుతాయని చెప్పండి, అయితే రెండింటికీ సమానమైన బరువు ఇవ్వవద్దు. చాలా చోట్ల రెండోదే బలమైనదని నా అభిప్రాయం. అది ఎందుకో కొంచెం వివరంగా చెప్పవలసి ఉంటుంది.

ముందుగా లెక్క చూద్దాం. సముద్రంలోని సూక్ష్మమైన నాచు ఏటా సుమారు 5000 కోట్ల టన్నుల కార్బన్‌ను కరిగిన కార్బన్ డయాక్సైడ్ నుంచి తీసుకుని సేంద్రియ పదార్థంగా మారుస్తుంది. అందులో అధిక భాగం పై నీటిలోనే తిరిగి ఖర్చయిపోతుంది. నేల నుంచి నదులు తెచ్చినదానితో కలిపి చూసినా, చివరకు అడుగు బురదలో శాశ్వతంగా పాతుకుపోయేది ఏటా సుమారు 16 కోట్ల టన్నులు మాత్రమే. ఆ కొద్దిపాటిలోనూ 80 శాతానికి పైగా డెల్టాల ముందు, ఖండాల అంచుల వెంట చేరుతుంది. అంటే పెన్నా, గుండ్లకమ్మ, కృష్ణ వంటి నదులు ఒండ్రు తెచ్చి పోసే ఇలాంటి తీరాలే ఈ లెక్కలో ముఖ్యమైనవి. ఇన్ని కోట్ల టన్నులలో ఎంత కుళ్లుతుంది, ఎంత మిగులుతుంది అన్నది బురద పైభాగంలో, ప్రపంచపు సగటున సుమారు 10 సెంటీమీటర్ల మందంలో తేలుతుంది. జీవులు కలియబెట్టే పొర మందం సగటున 9.8 సెంటీమీటర్లని బెర్నార్డ్ బూద్రో అనే శాస్త్రవేత్త 1998లో చూపారు. జీవులు తమ కదలికలతో అడుగు మట్టిని కలియబెట్టడాన్ని జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ రిక్టర్ 1952లో బయోటర్బేషన్ అని పిలిచారు.

ఈ పొరలో పడిన ఒక ఆకు ముక్కను ఊహించండి. బొరియలు లేకపోతే అది పైన కొద్దికాలం ఆక్సిజన్ అందుకుని, కొత్త ఒండ్రు మీద పడేకొద్దీ నల్లటి పొరలోకి చేరి, ఇక పైకి రాదు. అందులో సులువుగా జీర్ణమయ్యే భాగాన్ని సల్ఫేట్ బ్యాక్టీరియా తినేస్తాయి. అరగని భాగం మిగిలిపోతుంది. బొరియలు ఉన్నప్పుడు కథ మారుతుంది. ఎండ్రకాయ దాన్ని లోపలికి లాక్కుపోతుంది, పురుగు మింగి విసర్జిస్తుంది, తవ్విపోసిన మట్టితో అది మళ్లీ పైకి వస్తుంది, మళ్లీ కిందికి పోతుంది. ఒకసారి ఆక్సిజన్ అందే చోట, ఒకసారి అందని చోట ఉంటూ అది అనేకసార్లు తిరుగుతుంది. ఆక్సిజన్ లేని చోట కష్టంగా విరిగే లిగ్నిన్ (చెక్కకు గట్టిదనమిచ్చే పదార్థం) వంటివి ఆక్సిజన్ అందినప్పుడు విరుగుతాయి. ఆక్సిజన్ లేని కాలంలో పేరుకున్నవి తర్వాతి విడతలో ఖర్చవుతాయి. పెంటదిబ్బను మధ్యమధ్య తిరగేస్తే ఎరువు తొందరగా మాగడం మీ ప్రాంతపు పిల్లలు చూసే ఉంటారు, జరిగేది అదే. ఈ రెండు స్థితుల మార్పిడి కుళ్లడాన్ని ఎంతగా పెంచుతుందో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఆలర్ 1990 దశకంలో విశదంగా చూపారు. దీనికి తోడు పురుగు తెచ్చే తాజా ఆహారం, దాని జిగురు స్రావం దొరకడంతో చురుకెక్కిన బ్యాక్టీరియా పక్కనే ఉన్న పాత కార్బన్‌ను కూడా విరగ్గొట్టగలవు.

ఇనుము కథ ఇందులోనే కలిసి ఉంది. పురుగులు నల్లటి ఐరన్ సల్ఫైడ్‌ను పైకి తెస్తే అది తుప్పవుతుంది. ఆ తుప్పు మళ్లీ కిందికి చేరితే, ఇనుమును వాడుకునే బ్యాక్టీరియా దానితో కార్బన్‌ను కుళ్లబెడతాయి. తీరపు బురదలో ఒక ఇనుప పరమాణువు శాశ్వతంగా పాతుకుపోయే ముందు ఇలా 100 నుంచి 300 సార్లు తిరుగుతుందని డెన్మార్క్ తీరాల పరిశోధకులు 1993లో లెక్కగట్టారు. అంటే బొరియలున్న చోట ఇనుము బ్యాక్టీరియా సల్ఫేట్ బ్యాక్టీరియాను కొంతవరకు వెనక్కి నెడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ తగ్గుతుంది.

మొదటి పాఠం చెప్పినది కూడా అబద్ధం కాదు. ఎండ్రకాయలు మడ ఆకులను బొరియలలో దాచుకుంటాయి. లేకపోతే ఆ ఆకులు ఆటుతో కొట్టుకుపోయేవి. తాజా నాచును పురుగులు కొద్దిరోజులలోనే అనేక సెంటీమీటర్ల లోతుకు చేర్చగలవు. తుప్పు రేణువులు సేంద్రియ పదార్థాన్ని తమకు గట్టిగా అంటించుకుని బ్యాక్టీరియాకు అందకుండా కాపాడుతాయి. సముద్రపు అడుగు మట్టిలోని సేంద్రియ కార్బన్‌లో సుమారు ఐదోవంతు ఇలా ఇనుమును అంటిపెట్టుకుని ఉందని 2012లో వెలువడిన పరిశోధన చూపింది. కాబట్టి ఎక్కడ, ఎంత కాలానికి అని అడగకుండా ఒక్కమాటలో జవాబు చెప్పడం తప్పవుతుంది. కొద్ది నెలల లెక్కలో ఆ జీవులు కార్బన్‌ను కిందికి చేరుస్తాయి. వందల ఏళ్ల లెక్కలో చాలా చోట్ల అవి దాన్ని తరిగిస్తాయి.

దీనికి పెద్ద సాక్ష్యం మన దేశానికి రెండు వైపులా ఉంది. అరేబియా సముద్రంలో సుమారు 200 మీటర్ల నుంచి 1200 మీటర్ల లోతు వరకు నీటిలోనే ఆక్సిజన్ అతి తక్కువ. పాకిస్తాన్ తీరానికి ఎదురుగా ఆ లోతులలోని బురదలో తవ్వే జీవులు దాదాపు బతకలేవు. అక్కడ తీసిన మట్టి స్తంభాలలో ఏటేటా పడిన పొరలు ఒకదాని మీద ఒకటి చెదరకుండా కనిపిస్తాయి, సేంద్రియ కార్బన్ కూడా అధికంగా ఉంటుంది. బంగాళాఖాతంలో హిమాలయాల నుంచి గంగా, బ్రహ్మపుత్రలు తెచ్చే ఒండ్రు ఎంత వేగంగా పేరుకుంటుందంటే, ఆ నదులు మోసుకొచ్చిన కార్బన్ కుళ్లే లోపే పూడుకుపోతుంది. ఈ సంగతిని ఫ్రాన్స్ పరిశోధకుల బృందం 2007లో నేచర్ పత్రికలో వివరించింది. ఒకచోట తవ్వేవారు లేకపోవడం వల్ల, మరోచోట తవ్వే లోపే పూడిపోవడం వల్ల కార్బన్ మిగిలింది. ఇలా చెప్పగానే, తవ్వే జీవులు లేకుంటేనే భూమికి మేలు కదా అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నను తప్పక రానివ్వండి. తవ్వేవారు లేని బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది, చేపలకు ఆహారమైన పురుగులు ఉండవు, నైట్రోజన్ నీటిలోనే మిగిలి నాచు ముసురుకుంటుంది, సల్ఫేట్ కూడా అయిపోయిన లోతులలో మీథేన్ పుడుతుంది. కార్బన్ ఒక్కదాన్నే కొలిచి తీరపు ఆరోగ్యాన్ని నిర్ణయించడం సరైన పద్ధతి కాదు.

ప్రశ్న: సముద్రపు అడుగున కరెంటు ప్రవహింపజేసే బ్యాక్టీరియా ఉన్నాయని విన్నాను. నిజమేనా? పురుగులకూ వాటికీ సంబంధం ఉందా?
— ఒక డిగ్రీ విద్యార్థి, కావలి

సమాధానం: నిజమే. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో బురదలో విద్యుత్ ప్రవాహపు ఆనవాళ్లు గుర్తించి, 2012లో దానికి కారణమైన కేబుల్ బ్యాక్టీరియాను కనుగొన్నారు. వేలాది కణాలు ఒకదాని వెంట ఒకటి చేరి, సెంటీమీటర్ల పొడవున్న సన్నని పోగుగా ఏర్పడతాయి. పోగు కింది కొన హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుంటే, పై కొన వాటిని ఆక్సిజన్‌కు అందిస్తుంది. మధ్యలోని కణాలు వాటిని మోస్తాయి. ఈ విధంగా ఆక్సిజన్ దిగకపోయినా లోతులోని సల్ఫైడ్ ఖర్చవుతుంది. పురుగులు ఎక్కువగా కలియబెట్టే బురదలో ఈ పోగులు తెగిపోతాయి కాబట్టి అవి బాగా అల్లుకోలేవు. ఆక్సిజన్ లేక అడుగు జీవులు చచ్చిపోయిన చోట, నీటిలోకి ఆక్సిజన్ తిరిగి వచ్చి, పురుగులు ఇంకా రాని వ్యవధిలో ఇవి బలంగా పెరుగుతాయి. బొరియ గోడ స్థిరంగా ఎక్కువకాలం నిలిచిన చోట మాత్రం ఆ గోడ వెంట కూడా ఇవి కనిపించాయి.

ప్రశ్న: అడుగున గీసుకుంటూ పోయే ట్రాల్ వలలు కూడా మట్టిని కలియబెడతాయి కదా. పురుగు చేస్తే మంచిది, వల చేస్తే చెడ్డది ఎలా అవుతుంది?
— ఒక మత్స్యకార కుటుంబం నుంచి, రామాయపట్నం

సమాధానం: కలియబెట్టడం పేరుకు ఒక్కటే గాని, పనిలో రెండూ వేరు. పురుగు తాను ఉన్న చోటనే రోజుల తరబడి నీటిని ఆడిస్తుంది, గోడకు జిగురు పూస్తుంది, బ్యాక్టీరియా ఆ గోడలో స్థిరపడటానికి వ్యవధి ఇస్తుంది. వల బరువులు ఒక్క ఊపులో పై పొరను లేపి నీటిలో కలుపుతాయి. సన్నని, కార్బన్ ఎక్కువగా ఉన్న రేణువులు ప్రవాహంతో కొట్టుకుపోతాయి. బొరియలు కూలి, వాటిని చేసిన జీవులలో చాలా చచ్చిపోతాయి. లోతుగా తవ్వే పెద్ద జీవులు నిదానంగా పెరుగుతాయి కాబట్టి, పదేపదే వల లాగిన చోట చిన్నవి, పైపైన ఉండేవి మాత్రమే మిగులుతాయి.

కార్బన్ లెక్కలో మాత్రం భేదాభిప్రాయం ఉంది. ట్రాల్ వలల వల్ల అడుగు నుంచి ఏటా 147 కోట్ల టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ సముద్రపు నీటిలోకి విడుదల కావచ్చని 2021లో ఒక అంతర్జాతీయ బృందం అంచనా వేసింది. వల లేపే కార్బన్‌లో అధిక భాగం ఎప్పుడో అరగకుండా మిగిలిన పాతదేననీ, అది లేచినంత మాత్రాన కుళ్లదనీ, అంచనా చాలా ఎక్కువగా ఉందనీ 2023లో మరికొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. ఈ రెండో వాదంలో బలం ఉందని నేననుకుంటున్నాను. అయినా వల కార్బన్‌ను ఎంత విడుదల చేస్తుందన్న దానితో సంబంధం లేకుండా, తవ్వే జీవులు పోవడం ఒక్కటే చాలు, మీ చేపలకూ రొయ్యలకూ మేత తగ్గడానికి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం చేపల సంతానోత్పత్తి కోసం పెట్టినదే అయినా, ఆ రెండు నెలలు అడుగు జీవులకు కూడా ఊపిరి తీసుకునే వ్యవధి. త్వరగా పెరిగే చిన్న పురుగులు ఆ వ్యవధిలో కొంత కోలుకుంటాయి. పెద్ద గుల్లలకూ, లోతుగా తవ్వే జీవులకూ అది చాలదు.

ప్రశ్న: బొరియల వల్ల ఇంత మేలు ఉంటే, కాలువలోని పురుగులను తెచ్చి రొయ్యల గుంటలో వేయవచ్చా?
— ఒక పాఠకుడు, విడవలూరు

సమాధానం: పట్టి తెచ్చి వేయవద్దు. తల్లిరొయ్యలకు బలమైన మేతగా హేచరీలు ఈ పురుగులను, అంటే పాలీకీట్లను, చాలాకాలంగా కొంటున్నాయి. అయితే బయట నుంచి పట్టిన పురుగులు తెల్లమచ్చ వైరస్‌ను రొయ్యలకు చేరవేయగలవని మన దేశపు పరిశోధకులు 2005లోనే ప్రయోగాలతో చూపారు. రోగం సోకిన గుంటల నీరు చేరే కాలువ మట్టిలోంచి తెచ్చిన పురుగు మీ గుంటలో బొరియ చేసేలోగానే నష్టం చేయవచ్చు. పైగా మేత వేసే గుంట మధ్యలో సల్ఫైడ్ ఎంత ఎక్కువగా ఉంటుందంటే చాలా పురుగులు అక్కడ నిలవలేవు, నిలిచినవాటిని రొయ్యలే తినేస్తాయి. పురుగుల సహాయం తీసుకోవాలనుకుంటే గుంట బయట తీసుకోండి. గుంట నుంచి వదిలే నీరు నేరుగా కాలువలో పడకుండా ముందు ఒక మడుగులో నిలిచి, తేరుకుని వెళ్లేలా చూడండి. ఆ మడుగు గట్లను సిమెంటుతో కప్పకుండా, అడుగును ఏటా పూర్తిగా గోకకుండా వదిలితే ఎండ్రకాయలు, పురుగులు వాటంతట అవే చేరతాయి. మేత అవశేషాల నైట్రోజన్‌లో కొంత ఆ బురదలోనే ఖర్చవుతుంది. మడుగు నీటిని తిరిగి గుంటలోకి మాత్రం తోడుకోకండి.